రెండేర్ల ఆడియో

సాబిర్ దుకాణం బోర్డు మీద రాత మూడుసార్లు మారింది. మొదట క్యాసెట్లు. తర్వాత సీడీలు. తర్వాత మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును. ఇప్పుడు డౌన్‌లోడ్. పైనున్న పేరు మాత్రం ముప్పై ఏళ్లుగా ఒకటే. రెండేర్ల ఆడియో, గద్వాల. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర, నడుమ ఊరు. పేరు కోసం అతను పెద్దగా ఆలోచించలేదు.

దుకాణం చిన్నది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గడప మీద నిలబడాలి. ఆ గదిలోంచే సాబిర్ నలభై రెండు క్యాసెట్లు తెచ్చాడు. సినిమా పాటలు అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. అతను చుట్టుపక్కల ఊళ్ల మనుషులు పాడేవి, వాయించేవి మాత్రమే రికార్డు చేశాడు. బీచుపల్లిలో రాత్రంతా భజన చేసేవాళ్లు. అయిజ వైపు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించే ముసలమ్మలు. పీర్ల ముందు పాడేవాళ్లు. పెళ్లి బ్యాండ్లు. స్కూటర్ ముందు భాగంలో రికార్డర్, వెనక సీటు మీద మైకు కర్ర. ఆ కర్రను చూసి దారిలో చాలామంది అతన్ని చేపలు పట్టడానికి పోతున్నాడనుకునేవాళ్లు.

బ్యాండ్లలో అతనికి ఇష్టమైనది వెంకట్రాములుది. వెంకట్రాములు పగలు సెలూన్లో కూర్చుంటాడు. పెళ్లిళ్ల కాలంలో క్లారినెట్ పట్టి ఏడుగురి బ్యాండుకు ముందు నడుస్తాడు. ఊరు అతన్ని మాస్టర్ అంటుంది.

బారాత్ ఊరేగుతూ నాలుగు తొవ్వలు కలిసే చోటికి వస్తుంది. పెళ్లివారిలో ఎవరో ఒకరు బ్యాండుకు అడ్డం నిలబడతారు. తమకు కావలసింది వాయించేదాకా కదలరు. అప్పుడు మాస్టర్ అడిగిన పాట ఎత్తుకుంటాడు. ఒకసారి మొత్తం వాయిస్తాడు. ఆ తర్వాత పాటను వదిలేస్తాడు. ఎక్కడికి పోతాడో అతనికే తెలియదు. డ్రమ్ములు వెనకనుంచి అతన్ని వెతుక్కుంటూ వస్తాయి. అడ్డం నిలబడ్డ మనిషి ముఖం చూస్తూ, ఆ ముఖం చాలన్నదాకా పోయి, మళ్లీ పాటలోకి వస్తాడు. దాన్ని ఇక్కడ తిప్పుడు అంటారు.

తొలి క్యాసెట్‌లో సాబిర్ తిప్పుళ్లన్నీ తీసేశాడు. ఒక్కో వైపు అరగంట. రెండు వైపులా కలిపి ఇరవై పాటలు కావాలని కొనేవాళ్లు అడిగేవారు. పాట ఉంచి, తిప్పుడు మొదలైన చోట ఆపాడు. మూల టేపుల మీద తర్వాత భజనలు ఎక్కించాడు. టేపు వృథా చేసే అలవాటు అతనికి లేదు.

క్యాసెట్ విని వెంకట్రాములు ఒక్క మాటే అన్నాడు.

"తోక కోసినవు భాయ్."

ఆ మాట ముప్పై ఏళ్లుగా గడ్డం గీస్తున్నప్పుడల్లా అంటూనే ఉన్నాడు. నవ్వుతూనే అంటాడు. చేతిలో కత్తి ఉంటుంది.

సాబిర్ కూతురు ముబషిరా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. మూడేళ్ల కిందట సెలవుల్లో ఆమె తండ్రి క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, నెట్‌లో ఒక పేజీ పెట్టింది. వినొచ్చు, నచ్చితే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ముంబయిలో, పుణెలో పనికి పోయిన పాలమూరు మనుషులు మొదట వచ్చారు. అమ్మమ్మ గొంతు దొరికిందని ఒకరు రాశారు. అది తన అమ్మమ్మ అని ఇంకొకరు గొడవపడ్డారు. సాబిర్ అవి చదివించుకుని రోజంతా సంతోషంగా ఉండేవాడు.

జూన్ చివర ఒక ఫోన్ వచ్చింది.

"అన్నా, నా పేరు నిరంజన్. మాది నాగర్‌కర్నూలే. పూనల ఉంట."

"చెప్పు తమ్మీ."

"మేం ముగ్గురం దోస్తులం కలిసి చిన్న కంపెనీ పెట్టినం. జాజ్ సంగీతం. దుకాణం లేదు, సీడీ లేదు. అంత డౌన్‌లోడే. మీ పేజీల క్లారినెట్ విన్న. గా పెద్దమనిషి రెండు నిమిషాలకే ఎందుకు ఆపిండు?"

"ఆయన ఆపలే. నేను ఆపిన."

"ఎందుకన్నా?"

"క్యాసెట్ సరిపోలే."



"మాకు క్యాసెట్ లేదు గదన్నా. ఎంత పొడుగున్నా పెడ్తం. ఒక్కటి, మొత్తం ఇయ్యి."

ఫోన్ పెట్టేశాక సాబిర్ బయటికి వచ్చి తన బోర్డు వైపు చూశాడు. డౌన్‌లోడ్ అన్న మాట రాయించి మూడేళ్లయింది. దానికి ఒక వైపు, రెండో వైపు లేవన్న సంగతి అప్పుడే తట్టింది.

మరునాడు సెలూన్‌కు పోయాడు. నిరంజన్ పంపిన జాజ్ ఒకటి ఫోన్‌లో పెట్టి అద్దం ముందు ఆనించాడు. సాబిర్ ముఖం మీద నురగ. వెంకట్రాములు కత్తి పైకెత్తి, దించకుండా విన్నాడు.

"పెండ్లి ఎవరిది?"

"పెండ్లి లేదు. జనం కుర్సీలల్ల కూసోని వింటరంట."

"కూసోనా?"

"కూసోనే."

"పాపం," అన్నాడు వెంకట్రాములు. ఇంకొంత విన్నాడు. "అయినా ఎవడో అడ్డం నిలబడ్డడు భాయ్. లేకుంటె గింత దూరం పోడు."

సాబిర్ నిరంజన్ అడిగింది చెప్పాడు. తోక కోయకుండా ఒక్కటి, మొత్తం. వెంకట్రాములు కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"అయితె గురువారం లోపల కావాలె."

పై పెదవి ఎత్తి చూపాడు. ముందరి పళ్లు నాలుగు, చిగుళ్లు దిగి, వేలితో తాకితే కదులుతున్నాయి.

"వనపర్తి పండ్ల డాక్టరు నాలుగు తీస్తనన్నడు. పోయిన నెల చీము పట్టి దవడ వాసింది. ఇంక ఆగితె ఎముకకు వస్తదంట. క్లారినెట్ మూతి ఆనేది గీ పండ్ల మీదనే."

"కట్టుడు పండ్లతోని వాయించరా?"

"వాయిస్తరు. మల్ల మొదటికెల్లి నేర్సుకోవాలె. ఊదుడు వస్తది. తిప్పుడు వస్తదో రాదో తెల్వదు."

"పది రోజులు ఆగమందాం డాక్టరును."

"మాట్లాడింది మీ చెల్లె. ఆమె మాట నేను మార్చాల్నా? ముందుగాల నిన్ను పంపిస్త, పో."

మీ చెల్లె అంటే రేణుకమ్మ, వెంకట్రాములు భార్య. సాబిర్‌ను ఆమె అన్నా అంటుంది. సాబిర్ పోలేదు.

ఆ రోజు శుక్రవారం. ఆషాఢం. శ్రావణం దాకా ఊళ్లో పెళ్లి లేదు.

ఆదివారం సాబిర్ ఇంట్లో వెనక గది ఖాళీ చేయించాడు. గోడలకు బొంతలు కట్టాడు. కిటికీలకు పరుపులు అడ్డం పెట్టాడు. ఫ్యాను ఆపాడు. ఏడు కుర్చీలు వేశాడు. ముప్పై ఏళ్లుగా స్కూటర్ హారన్లు, కుక్కలు, ఏడ్చే పిల్లలు అతని రికార్డింగుల్లో దూరాయి. ఈ ఒక్కటీ శుభ్రంగా ఉండాలనుకున్నాడు.

బ్యాండు వచ్చి కుర్చీలను చూసింది. డ్రమ్ము కొట్టే మహిపాల్ కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"భాయ్, కూసోని కొడితె కాళ్లు ఏం చెయ్యాలె?"

"ఊకె పెట్టుకో."

"నా చేతులకు కాళ్లు చెప్తయి భాయ్. నడువకుంటె చేతులకు తెల్వదు."

వాయించారు. పాట తప్పు లేకుండా వచ్చింది. రెండు నిమిషాలకు ఆగింది.

"అయిపోయిందా?" అన్నాడు సాబిర్.

"అయిపోయింది."

"తిప్పుడు?"

వెంకట్రాములు గోడ మీది బొంతను చూశాడు. "ఎవరి కోసం?"

నాలుగుసార్లు వాయించారు. నాలుగుసార్లూ అంతే. ముబషిరా చెవులకు పెట్టుకున్నవి తీసి తండ్రికి ఇచ్చింది.

"సాఫ్‌గ ఉంది అబ్బూ. గడియారం లెక్క ఉంది."

చెమటలు తుడుచుకుంటూ వెంకట్రాములు నవ్వాడు. "అప్పుడు నువ్వు కోసినవు. ఇప్పుడు నువ్వు కొయ్యకున్నా అదే తెగుతుంది."

సాబిర్ నవ్వలేదు. పరుపులు దించడానికి లేచాడు. ముబషిరా అతన్ని ఆపింది.

"బారాత్ తీద్దాం అబ్బూ. గల్లీల నడుస్కుంట వాయించనీ."

"ఎవరి బారాత్? ఆషాఢంల."

"బ్యాండు ఎవరో ఒకరి ముందట నడవాలె," అన్నాడు మహిపాల్. "ఉత్తగ నడిస్తె జనం నవ్వుతరు."

ముబషిరా వెంకట్రాములు వైపు తిరిగింది. "మామా, మీ పెండ్లికి ఎవరు వాయించిండ్రు?"

వెంకట్రాములు క్లారినెట్ మూతికి బిగించిన రీడ్ బద్ద విప్పి తుడవడం మొదలుపెట్టాడు. జవాబు మహిపాల్ చెప్పాడు.

"మాస్టర్ పెండ్లికి బ్యాండు లేదు బిడ్డా."

ముప్పై ఎనిమిదేళ్ల కిందటి సంగతి. పెళ్లి పొద్దున. అదే సాయంత్రం వనపర్తిలో ఒక బారాత్‌కు బ్యాండు ముందే ఒప్పుకుంది. ఒప్పుకున్న మాట పోకూడదని పెళ్లికొడుకు తలంబ్రాల బియ్యం తలలో ఉండగానే బస్సెక్కాడు. రేణుకమ్మ ఆ సాయంత్రం అత్తగారింటికి నడిచి వచ్చింది. ఆ తర్వాత మాస్టర్ వందల బారాత్‌లు నడిపాడు. ఒక్కదానికీ ఆమె పోలేదు. పిలవని పెళ్లికి బ్యాండు మాస్టర్ భార్య పోయే రివాజు లేదు.

ఆ ఆదివారం సాయంత్రమే ముబషిరా పోయి రేణుకమ్మను అడిగింది. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది.

"గీ వయసుల బారాతా?"

"ఉత్తగ కూసుంటె చాలు అత్తమ్మా."

"ఆయన ముందట నడుస్తడు. నేను వెనక బండ్ల కూసోని ఆయన వీపు సూడాలె. ఇంట్ల సూసేది అదే గదా."

"ఆషాఢం అంటరేమో మల్ల," అన్నాడు వెంకట్రాములు గుమ్మంలోంచి.

"పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లయింది. ఆషాఢం మనకేం చేస్తది?" అన్నది రేణుకమ్మ. "సరె, వస్త. గురువారం డాక్టరు మాత్రం మారడు."

మంగళవారం పొద్దున ట్రాలీ ఆటోకు బంతిపూలు కట్టారు. రేణుకమ్మ అంచు చీర కట్టుకుని, చేతిలో గొడుగుతో ఎక్కి కూర్చుంది. వాన లేదు. ఎండ కోసం, అంది.

సాబిర్ కోట వెనక గల్లీలో ఇంటింటికీ పోయి బతిమాలుకున్నాడు. మాట్లాడొద్దు. ఈల వేయొద్దు. బండ్లు తీయొద్దు. మూల మీద జొన్నరొట్టెలు చేసి అమ్మే బాలమణి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"బారాత్‌ల నోరు మూసుకోవాల్నా? గిదేం బారాత్ సాబిర్ భాయ్? పరీక్షనా?"

"జర గీ ఒక్కపూట అక్కా."

"రొట్టె కొట్టొచ్చునా, గది గూడ వద్దా?"

"మెల్లగ కొట్టు."

బ్యాండు కదిలింది. మాస్టర్‌కు రెండడుగుల ముందు సాబిర్ వెనక్కి నడుస్తున్నాడు. కుడి చేతిలో అరచేయంత రికార్డర్. ఎడమ చేత్తో జనాన్ని ఆపుతున్నాడు. జనం గోడలకు ఆనుకుని, చేతులు కట్టుకుని, బడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

మొదటి మూల వచ్చింది. మాస్టర్ చూపు ఎత్తాడు. ఎదురుగా సాబిర్. పాట ముగించి ముందుకు నడిచాడు. రెండో మూల. మళ్లీ సాబిర్. మళ్లీ నడిచాడు. గదిలో వాయించిన దానికంటే బాగుంది. తిప్పుడు లేదు. ఇంకొక్క మూల మిగిలింది, బాలమణి రొట్టెల పొయ్యి ఉన్నది. అది దాటితే మాస్టర్ ఇల్లు. ఎల్లుండి గురువారం. సాబిర్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. అతనికి ఏం తప్పుతోందో అర్థం కాలేదు.

మూల దగ్గరికి వస్తుండగా ట్రాలీ రేకు మీద ఎవరో గొడుగు కర్రతో కొట్టారు. ఆటో ఆగింది. రేణుకమ్మ దిగింది. చెప్పులు బండిలోనే వదిలేసింది. డ్రమ్ముల పక్కనుంచి, బాకాల పక్కనుంచి, తొందర లేకుండా నడిచి ముందుకు వచ్చింది. బ్యాండు నోట్లోనే పాట ఆగింది.

"అన్నా, నువ్వు జర పక్కకు జరుగు."

"చెల్లె, రికార్డింగ్ నడుస్తుంది."

"నడవనీ. నువ్వు నిలబడ్డది నేను నిలబడే జాగ."

సాబిర్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మూడు మూలల నుంచీ అడ్డం నిలబడవలసిన చోట తనే ఉన్నాడు. ఉండి, ఏమీ అడగలేదు. పక్కకు జరిగి బాలమణి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. చేయి మాత్రం దించలేదు.

రేణుకమ్మ ఆ చోట నిలబడింది. భర్తకు ఎదురుగా, గొడుగు నేల మీద ఆనించి.

"ఏం వాయించాలె?" అన్నాడు వెంకట్రాములు.

"పొద్దుగాల రీడ్ తడిపి ఇంట్ల వాయిస్తవు గదా. గది."

"గది పాట కాదు. రీడ్ ఎట్లుందో సూసుకునుడు."

"నాకు గదే పాట. రోజు నేను పొయ్యి అంటించంగనే ఆపేస్తవు. ఇయ్యాల పొయ్యి లేదు నాకు. వాయించు."

మాస్టర్ రీడ్ తడిపాడు. కదిలే పళ్లను క్లారినెట్ మీద మెల్లగా ఆనించాడు. అయిదు స్వరాలు వచ్చాయి. ఇంటి ముందు నీళ్లు చల్లినంత చప్పుడు. మళ్లీ అవే, ఈసారి ఒకటి తక్కువగా. మహిపాల్ కర్రలు సంకలో పెట్టుకుని వేళ్లతో డ్రమ్ము అంచు తట్టాడు. మాస్టర్ పైకి పోయాడు. అక్కడ కాసేపు ఉన్నాడు. దిగుతూ పాత పెళ్లిపాట ఒకదాని కొస తాకి, వదిలేసి, ఇంకో వైపు తిరిగాడు. బాలమణి రొట్టె కొడుతోంది. ఆ తాళం ఎక్కడో డ్రమ్ములో కలిసింది. మెల్లగా కొట్టమన్న మాట ఆమె మర్చిపోయింది. సాబిర్ కూడా మర్చిపోయాడు.

మాస్టర్ ముగింపు దగ్గరికి వచ్చి భార్య ముఖం చూశాడు. ఆమె కదల్లేదు. మళ్లీ పోయాడు. ఇంకోసారి వచ్చాడు. ఆమె కదల్లేదు. ఈసారి ఇంకా దూరం పోయాడు. గోడలకు ఆనుకున్న జనం ఎప్పుడు నడుమకు వచ్చారో ఎవరూ చూడలేదు. ఎవరో ఈల వేశారు. పక్క తొవ్వలో హారన్ మోగితే మాస్టర్ దాన్ని కూడా పట్టుకుని రెండుసార్లు తిప్పి వదిలేశాడు. జనం నవ్వారు. రేణుకమ్మ నవ్వింది. అప్పుడు అయిదు స్వరాలు మళ్లీ వచ్చాయి, మొదట వచ్చినంత చిన్నగా.

ఆమె పక్కకు జరిగింది.

"ఇగ నడువు," అంది.

మాస్టర్ నడిచాడు. ఆమె తిరిగి బండి ఎక్కలేదు. అతని పక్కనే ఇంటిదాకా నడిచింది. వెనక ఖాళీ ట్రాలీ బంతిపూలతో మెల్లగా వచ్చింది.

సాబిర్ చేయి అప్పటికీ పైనే ఉంది. రికార్డర్ మీది ఎర్రదీపం వెలుగుతోంది. బాలమణి ఒక వేడి రొట్టె మడిచి అతని రెండో చేతిలో పెట్టింది.

"ఇగ దించు భాయ్. తిను."

రికార్డయింది పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ముబషిరా కంప్యూటర్‌లో పెట్టి, దీనికి పేరేమిటి అని అడిగింది. సాబిర్ కొంతసేపు ఆలోచించాడు. దుకాణం పేరు కోసం కూడా అంత ఆలోచించలేదు.

"రేణుకమ్మ అడిగినది," అన్నాడు.

గురువారం వెంకట్రాములు, రేణుకమ్మ, సాబిర్ వనపర్తి బస్సెక్కారు. బీచుపల్లి వంతెన మీద వెంకట్రాములు కిటికీలోంచి కృష్ణను చూస్తూ నాలుకతో పళ్లు తడుముకున్నాడు. కొత్త నీళ్లు వచ్చాయి, ఎర్రగా. "ఇయ్యాల పోతున్నయి," అన్నాడు పళ్ల గురించి. "మంచి పని చేసి పోతున్నయి," అంది రేణుకమ్మ.

అతను డాక్టరు గదిలోకి పోయాక సాబిర్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. నిరంజన్ నుంచి మెసేజ్ వచ్చింది. అన్నా, నాలుగుసార్లు విన్నం. రేపే పేజీల పెడ్తం. మొదట్ల అమ్మ మాటలున్నయి, నడుమ హారను, రొట్టె చప్పుడు. తియ్యాల్నా?

సాబిర్ ఒక్కో అక్షరం వెతికి టైపు చేశాడు.

వద్దు. ఏది కొయ్యకు.

పుణె పేజీలో మొదటి వారమే చాలామంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఒకరు క్లారినెట్ గురించి అడిగారు. అయిదుగురు మొదట మాట్లాడిన ఆమె ఎవరని అడిగారు. గద్వాలలో మాత్రం డౌన్‌లోడ్ వేరే తీరుగా నడిచింది. ముబషిరా అందరికీ లింకు పంపింది. జనం ఆ లింకు పట్టుకుని దుకాణానికే వచ్చారు. గడప మీద వరుసగా నిలబడి, ఫోన్లు చాపి, లింకు ఏంది భాయ్, పాట ఎక్కియ్యి, అన్నారు. సాబిర్ కేబుల్ పెట్టి ఒక్కొక్కరికీ ఎక్కించాడు. ఎక్కుతున్నంతసేపూ పాట మొదలు వినిపించేవాడు. వరుస తరిగేది కాదు. అతను తొందరపడేవాడూ కాదు.

మూడో వారం సాబిర్ సెలూన్‌లో కూర్చున్నాడు. ముఖం మీద నురగ. వెంకట్రాములు చిగుళ్లు మానుతున్నాయి. కట్టుడు పళ్లు ఇంకా రాలేదు. మాట తక్కువ, గాలి ఎక్కువ.

"తోక..." అన్నాడు.

"కొయ్యలే," అన్నాడు సాబిర్.

మూల మీద ఒక ఆటో వచ్చింది. లోపల స్పీకర్లో అయిదు స్వరాలు. బాలమణి పిండి చేతులతో లేచి ఆటోకు అడ్డం నిలబడింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"అక్కా, తొవ్వ ఇడువు. సవారీ ఉంది."

"అయిపోనీ."

"పదకొండు నిమిషాలక్కా."

"నాకు తెల్వదా? అందుల నా రొట్టె ఉంది."

డ్రైవర్ లోపల కూర్చున్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లు కూడా అయిపోనీ అన్నారు. ఇంజన్ ఆపాడు. రెండిళ్ల అవతల రేణుకమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సెలూన్‌లో వెంకట్రాములు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు. కత్తి పిడి మీద అతని వేళ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఆనుతున్నాయి. అద్దంలో సాబిర్ వాటిని చూశాడు. అవి స్పీకర్లో వస్తున్న దాని వెంట పోవడం లేదు. ఇంకో వైపు తిరిగాయి.

సాబిర్ సగం గడ్డంతో కూర్చుని ఎదురుచూశాడు.